ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే అందరికీ ఎలా పాకుతుంది: దినచర్యలోనే దారి వెతికి ఆపే పద్ధతి

సోమవారం చిన్నోడు బడి నుంచి ముక్కు కారుతూ వస్తాడు. బుధవారానికి వాళ్లమ్మకు గొంతు నొప్పి. శుక్రవారం నాయనమ్మకు జ్వరం. ఆదివారం నాటికి ఇంటిల్లిపాదీ మంచమెక్కితే "సీజన్ కదా, అందరికీ ఉంది" అని సరిపెట్టుకుంటాం. సీజన్ సంగతి కొంతవరకు నిజమే. కానీ వానలో తడిస్తే జలుబు పుట్టదు, వైరస్ ఉండాల్సిందే. వాన పడితే కిటికీలు మూసేస్తాం, అందరం ఒకే గదిలో టీవీ ముందు గంటలు గంటలు కూర్చుంటాం. వైరస్‌కు అసలు సాయం చేసేది అదే.

ఎవరు ఎవరితో, ఎంతసేపు, ఎంత దగ్గరగా, ఎలాంటి చోట ఉంటారన్నదాన్ని బట్టే జబ్బు పాకుతుంది. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు సేకరించిన కోవిడ్ కాంటాక్ట్ వివరాలను రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం విశ్లేషించి 'సైన్స్' పత్రికలో ప్రచురించింది. దాదాపు 85 వేలమంది రోగులు, వాళ్లను కలిసిన 5,75,071 మంది వివరాలవి. ఆ రోగుల్లో 71 శాతం మంది నుంచి, వాళ్లను కలిసినవాళ్లలో ఒక్కరికి కూడా అంటలేదు. కేవలం 8 శాతం మంది నుంచే కొత్త కేసుల్లో 60 శాతం వచ్చాయి. బయట దగ్గరగా మెలిగినవారికి అంటే అవకాశం 2.6 శాతం దగ్గరుంటే, ఒకే ఇంట్లో ఉన్నవారికి 9 శాతం.

దీన్నిబట్టి రోజంతా కనబడిన ప్రతి వస్తువునూ శానిటైజర్‌తో తుడుస్తూ టెన్షన్ పడక్కర్లేదు. మీ దినచర్యలో జబ్బు అంటే అవకాశం ఎక్కువున్న బరువైన సందర్భాలు నాలుగైదే ఉంటాయి. వాటిని పట్టుకుంటే చాలు. ఎలాగో ఒక్కో అడుగూ చూద్దాం.

మొదటి అడుగు: జబ్బు ఏ దారిన వస్తుందో తేల్చుకోండి

అన్ని జబ్బులకూ ఒకే జాగ్రత్త పనికిరాదు. టైఫాయిడ్‌కు మాస్కు పెట్టుకుని, ఫ్లూకి నీళ్లు కాచుకుని తాగితే శ్రమే మిగులుతుంది.

గాలి దారి: ఫ్లూ, కోవిడ్, తట్టు, ఆటలమ్మ, గవదబిళ్లలు, కోరింత దగ్గు, ఊపిరితిత్తుల టీబీ. దగ్గు, తుమ్ము, మాట, పాట వీటికి వాహనాలు. ఇక్కడ చూడాల్సింది గది, గాలి, సమయం.

నోటి దారి: టైఫాయిడ్, కలరా, హెపటైటిస్ ఎ పచ్చకామెర్లు, నీళ్ల విరేచనాలు. మలంలోని క్రిమి చేతి మీదుగానో, నీళ్ల మీదుగానో, తిండి మీదుగానో ఇంకొకరి నోట్లోకి చేరాలి. కాబట్టి వంటగది, మరుగుదొడ్డి, తాగే నీళ్లు చూసుకోవాలి.

తాకే దారి: కండ్లకలక, గజ్జి, చర్మం మీద చీముపొక్కులు. తువ్వాళ్లు, దుప్పట్లు, దిండ్లు, కాటుక డబ్బా ఈ కోవలోవి.

దోమ దారి: డెంగీ, మలేరియా, చికున్‌గున్యా. రోగి పక్కన కూర్చుంటే ఇవి రావు. కానీ రోగిని కుట్టిన దోమ మిమ్మల్ని కుడితే రావచ్చు. అందుకే డెంగీ వచ్చిన మనిషినే మొదటి ఐదారు రోజులు దోమతెరలో ఉంచాలి, పగలు కూడా. ఆ దోమ కుట్టేది పగటిపూటే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది గనుక కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, వాడని డ్రమ్ములు వారానికోసారి బోర్లించి ఆరబెడితే చాలు. శుక్రవారం డ్రై డే అని పంచాయతీవాళ్లు, మున్సిపాలిటీవాళ్లు చెప్పేది ఇందుకే.

రెండో అడుగు: ఇంటి దినచర్యను కాగితం మీద పెట్టండి

నోటుపుస్తకంలో ఒక పేజీ చాలు. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ రాసి, మామూలు పనిరోజున పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్లు ఎక్కడెక్కడ, ఎవరితో, సుమారు ఎంతసేపు ఉంటారో రాయండి. రోడ్డు మీద ఎదురుపడి "బాగున్నారా" అన్న పలకరింపులు వద్దు. పావుగంటకు మించి దగ్గరగా ఉన్నవి, చెయ్యి కలిసినవి, కలిసి తిన్నవి రాయండి.

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక రెండు పడగ్గదుల ఫ్లాట్ తీసుకోండి. నాన్న ఆఫీసు క్యాబ్‌లో ముగ్గురితో కలిసి గంట, అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని. పాప బడి వ్యాన్‌లో పదిమంది పిల్లలతో, తర్వాత క్లాసులో, సాయంత్రం ట్యూషన్‌లో. అమ్మ ఇంటి నుంచే పని, మధ్యాహ్నం పాలు, కూరగాయల కోసం ఓ పావుగంట బయటికి. తాతయ్య పొద్దున పార్కులో నడక, సాయంత్రం గుడి మెట్ల మీద స్నేహితులతో. నాయనమ్మ ఇల్లు కదలదు, కానీ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేది ఆవిడే, రాత్రి కథ చెప్పి పక్కలో పడుకోబెట్టుకునేదీ ఆవిడే.

ఇలా రాసుకుంటే ఒక సంగతి బయటపడుతుంది. ఇంట్లోంచి బయటికే వెళ్లని మనిషికి జబ్బు వచ్చే దారి, ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువమందిని కలిసే మనిషి గుండానే ఉంది. మనుషుల రోజువారీ కలయికల మీద ఎనిమిది యూరప్ దేశాల్లో జరిగి 2008లో వెలువడిన పాలీమాడ్ అధ్యయనంలోనూ బడి వయసు పిల్లలే ఎక్కువమందిని కలుస్తారని, అదీ తమ ఈడువాళ్లనే ఎక్కువగా కలుస్తారని తేలింది. బడిలో పిల్లల మధ్య తిరిగింది సాయంత్రానికి ఇంట్లో పెద్దవాళ్ల ఒళ్లోకి చేరుతుంది.

ఇంట్లో పనికి వచ్చే ఆమె పేరు కూడా ఆ కాగితంలో ఉండాలి. చాలామంది "ఆమె నాలుగిళ్లు తిరిగి తెస్తుంది" అంటారు గానీ, ఆ నాలుగిళ్లలోనూ జ్వరంతో పడుకున్నవాళ్ల పక్క దులిపేది, వాళ్ల గిన్నెలు తోమేది ఆమే. మీ ఇంట్లో ఎవరికైనా సోకితే ఆమెకు ముందు చెప్పండి, జీతం కోయకుండా నాలుగు రోజులు సెలవివ్వండి. జీతం పోతుందన్న భయం ఉన్నచోట జ్వరాన్ని ఎవరైనా దాచుకునే పనికి వస్తారు.

మూడో అడుగు: ప్రతి కలయికకూ బరువు కట్టండి

రాసుకున్న ఒక్కో సందర్భం పక్కన నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గది మూసి ఉందా? దగ్గరగా ఉన్నామా? చాలాసేపా? నోరు బాగా తెరిచే పనా, అంటే గట్టిగా మాట్లాడటం, పాడటం, నవ్వడం, దగ్గడం? ఎన్ని "అవును"లు వస్తే అంత బరువు. పార్కులో తాతయ్య నడకకు బహుశా ఒకటి వస్తుంది. ఆఫీసు క్యాబ్‌కు కనీసం మూడు.

నోరు తెరిచే పని మీద నమ్మకం కలగకపోతే 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాగిట్ వ్యాలీలో జరిగింది చూడండి. ఒక బృందగానం సాధనకు 61 మంది వచ్చారు, రెండున్నర గంటలు పాడారు. వారిలో ఒకరికి అప్పటికే జలుబు లక్షణాలున్నాయి. ఆ ఒకరితో కలిపి మొత్తం 53 మంది కోవిడ్‌తో జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. మన ఇళ్లలో దీనికి దగ్గరగా ఉండేవి తలుపులు వేసుకుని చేసే సామూహిక భజనలు, ఏసీ బస్సులో పెళ్లివారి అంత్యాక్షరి. ఇవి మానేయమని కాదు. గొంతు గరగరలాడుతున్నప్పుడు మాత్రం ఇంటి దగ్గర ఆగిపోవాలి.

గాలి సంగతికి చైనాలోని గ్వాంగ్‌జౌ హోటల్ ఉదంతం పనికొస్తుంది. 2020 జనవరి 24న పక్కపక్క బల్లల మీద భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి కోవిడ్ సోకింది. ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యే తిరిగింది. మిగతా బల్లలవాళ్లకు గానీ, వడ్డించినవాళ్లకు గానీ రాలేదు. మనం ఇళ్లలో పెట్టుకునే స్ప్లిట్ ఏసీ కూడా గదిలో గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకి వదులుతుంది, బయటి గాలిని తీసుకురాదు. చాలామందికి ఇది తెలియదు. గది చల్లగా ఉంటే గాలి బాగుందనుకుంటారు.

నాలుగో అడుగు: ముందే రెండు మూడు మార్పులు చేసుకోండి

అందరికీ ఆరోగ్యం బాగున్న రోజుల్లో చేయాల్సిన పనులివి. జబ్బు వచ్చాక కొత్త అలవాటు ఎవరికీ రాదు.

మొదటిది వాష్‌బేసిన్ పక్కన మేకుకు వేలాడే తువ్వాలు. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పొద్దున మొహం కడుక్కున్నవారు, టిఫిన్ తిన్నవారు, బయటి నుంచి వచ్చినవారు, చుట్టాలు అందరూ దానికే తుడుచుకుంటారు. రాత్రయినా ఆరదు. 2023 జులై, ఆగస్టుల్లో తెలుగు రాష్ట్రాల్లో కండ్లకలక బళ్లూ హాస్టళ్లూ చుట్టేసింది. కంట్లోకి చూస్తే వస్తుందని అప్పుడు అందరూ నల్లద్దాలు పెట్టుకున్నారు. చూపుతో రాదు. కన్ను నలిపిన చెయ్యి, ఆ చెయ్యి తుడిచిన తువ్వాలు, మళ్లీ ఇంకొకరి కన్ను, ఇదే దాని దారి. మనిషికొక రంగు చేతిరుమాలు కేటాయించి రోజూ ఉతకండి. ఇంకేమీ చేయకపోయినా ఇది చేయండి.

రెండోది బయటి నుంచి వచ్చినప్పుడు చేతులు. పాతకాలం ఇళ్లలో గుమ్మం బయట కాళ్లు కడుక్కోవడానికి గోలెం, చెంబు ఉండేవి. ఇప్పుడు ఫ్లాట్లలో ఆ చోటు లేదు. కానీ లోపలికి రాగానే ఫోను పక్కన పెట్టి సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కునే పనిని చెప్పులు విప్పడంతో ముడిపెట్టుకోవచ్చు. వంట ముందు, అన్నం ముందు, మరుగుదొడ్డి తర్వాత, పసిబిడ్డను ఎత్తుకునే ముందు మళ్లీ కడగాలి. శానిటైజర్ ప్రయాణంలో పర్వాలేదు, కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలి. కానీ విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివాటి మీద అది సరిగా పనిచేయదు, సబ్బే దిక్కు.

మూడోది టీకాలు. పిల్లలకు తట్టు టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. 65 దాటినవారు, షుగరు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగాలి. టైఫాయిడ్‌కు మంచి టీకా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన మొట్టమొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా (క్రిమి పైపొర భాగాన్ని ఒక ప్రొటీన్‌కు జతచేసి తయారుచేసేది) హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌దే. మనకింత దగ్గరలో తయారయ్యేదాన్ని మన పిల్లలకే వేయించకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఐదో అడుగు: ఎవరైనా పడకేసిన మొదటి రోజు

గాలి దారి జబ్బయితే, రోగికి కిటికీ ఉన్న గది ఇవ్వండి. వేరే గది లేకపోతే కిటికీ పక్కన మంచం వేసి, మిగతావాళ్ల పక్కలు వీలైనంత ఎడంగా వేయండి. ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు గానీ, ఒక కిటికీ, ఒక తలుపు గానీ తెరవండి. ఒకటే కిటికీ ఉంటే టేబుల్ ఫ్యాన్‌ను దాని వైపు తిప్పి పెట్టండి, లోపలి గాలిని బయటికి తోస్తుంది. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచండి. ఏసీ వేసుకోక తప్పకపోతే గంటకోసారి కాసేపు కిటికీ తీయండి.

సేవ చేసేది ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరు ఇంట్లో ఆరోగ్యంగా, కాస్త చిన్న వయసులో ఉన్నవారు అయితే మంచిది. మన ఇళ్లలో సాధారణంగా ఇది తలకిందులుగా జరుగుతుంది. మనవడికి జ్వరమనగానే షుగరున్న అమ్మమ్మే పక్కన కూర్చుంటుంది, "నాకేం కాదులే" అంటుంది. ఆవిడకు వేరే పని అప్పజెప్పండి: మందుల వేళలు చూడటం, జావ కాచి గుమ్మం దాకా పంపడం, ఫోన్‌లో కథ చెప్పడం. వద్దంటే ఊరుకోరు, పని ఇస్తే వింటారు.

గదిలో ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి, ముఖ్యంగా రోగి. గిన్నెలు మామూలుగా సబ్బుతో తోమితే చాలు, పారేయక్కర్లేదు. పక్కబట్టలు దులపకుండా చుట్టి తీసుకెళ్లి ఉతికి ఎండలో ఆరేయండి.

నోటి దారి జబ్బయితే ఇదంతా అక్కర్లేదు, వంటగదిని కాపాడుకోవాలి. విరేచనాలున్న మనిషి వంట చేయకూడదు, వడ్డించకూడదు. అమ్మకే విరేచనాలైతే ఎలా అంటారా? నాన్న గరిటె పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఇక్కడ కాస్త ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. పొయ్యి మీద బాగా ఉడికి వేడిగా ఉన్న కూరతో ప్రమాదం తక్కువ. పొయ్యి దిగాక చెయ్యి పడే వాటితోనే చిక్కు. మన వంటింట్లో అవేమిటో చూడండి: చేత్తో కలిపే పులిహోర, పైన చల్లే కొత్తిమీర, మజ్జిగచారులో ఉల్లిపాయ ముక్కలు, పెరుగు పచ్చడి, బిందెలో చెయ్యి ముంచి తీసే నీళ్లు, పిల్లలకు కలిపి పెట్టే గోరుముద్దలు. 1906లో న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బే అనే చోట ఒక ఇంట్లో పదకొండు మందిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. అక్కడ వంటమనిషి మేరీ మాలన్ ఒంట్లో టైఫాయిడ్ క్రిమి ఉంది, ఆమెకు మాత్రం జబ్బు లేదు. ఆరా తీసిన జార్జ్ సోపర్ అనుమానం ఆమె వండిన వేడి వంటకాల మీద పోలేదు, పచ్చి పీచ్ పళ్ల ముక్కలు వేసి చేసిన ఐస్‌క్రీమ్ మీదికి పోయింది. కాబట్టి ఇంట్లో విరేచనాలున్న వారంలో పులిహోర గరిటెతో కలపండి, నీళ్లు మరిగించి చల్లార్చి కాడ ఉన్న చెంబుతో తీయండి, పచ్చివి కొన్నాళ్లు పక్కన పెట్టండి.

తాకే దారిలో గజ్జి గురించి ఒక్క మాట. అమీర్‌పేట హాస్టల్ గదిలో ఐదుగురుంటే, దురద ఉన్న ఒక్కడే మందు పూసుకుని ఊరుకుంటాడు. రెండు వారాలకు మళ్లీ మొదలవుతుంది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. కాబట్టి డాక్టరు రాసిన మందును గదిలో అందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి పూసుకోవాలి. మర్నాడు దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి.

ఆరో అడుగు: ఎన్ని రోజులు దూరం

జ్వరం తగ్గిన మర్నాడే బడికి పంపేయడం మన అలవాటు, ముఖ్యంగా యూనిట్ టెస్టులుంటే. జబ్బును బట్టి లెక్క వేరు.

ఫ్లూ లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచే అంటుతుంది, తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు అంటించే గుణం ఉంటుంది. కనీసం మందు వేయకుండానే జ్వరం లేని 24 గంటలు గడవాలి. తట్టు దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల వరకు అంటుతుంది. తట్టు ఉన్న బిడ్డ గది విడిచి వెళ్లాక కూడా రెండు గంటల దాకా గాలిలో వైరస్ ఉండగలదు. ఆటలమ్మ పొక్కులకు ఒకటి రెండు రోజుల ముందు నుంచి, పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా. గవదబిళ్లలకు వాపు వచ్చాక ఐదు రోజులు. విరేచనాలు, వాంతులు ఆగాక మరో 48 గంటలు వంటగదికీ బడికీ దూరం. హెపటైటిస్ ఎ అన్నిటికన్నా మోసకారి, కళ్లు పచ్చబడటానికి రెండు వారాల ముందు నుంచే అంటిస్తుంది. పచ్చబడ్డాక మరో వారం జాగ్రత్త పడాలి.

టీబీ లెక్క వేరు. మందులు సరిగ్గా మొదలైతే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, కోర్సు మాత్రం కనీసం ఆరు నెలలు వాడాలి. కంచం, గ్లాసు వేరుచేసి మనిషిని వెలివేయడంలో అర్థం లేదు, అది గాలి ద్వారా వచ్చే జబ్బు. కంచం వేరుచేయడానికి పెట్టే శ్రద్ధ కిటికీ తెరవడం మీద పెట్టండి. ఒకే ఇంట్లో ఉన్న అందరికీ పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఏడో అడుగు: పరామర్శలను, పేరంటాలను సర్దుకోండి

అన్నిటికన్నా కష్టమైనది ఇది. జ్వరమని తెలిసి కూడా చూడటానికి రాలేదంటే ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునే చుట్టాలు మనకున్నారు. రావద్దని చెప్పడం ఇంకా కష్టం. నిజానికి మన పెద్దలకు దీనికి ఒక మర్యాదైన దారి ఉండేది. అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది చూసి బయటివాళ్లు వాకిట్లోనే పలకరించి వెళ్లేవారు, ఎవరికీ మనసు నొచ్చుకునేది కాదు.

ఇప్పుడు ఆ వేపమండల పనిని ఫోనే చేయాలి. వద్దని మాత్రమే చెప్పకుండా, ఎప్పుడు రావాలో చెప్పండి: "అత్తయ్యా, వాడికి ఆటలమ్మ పోసింది. కోడలు నీళ్లోసుకుంది కదా, తనకు మంచిది కాదు. పక్కులు కట్టాక నేనే ఫోన్ చేస్తాను, అప్పుడు అందరూ భోజనానికే రండి." తేదీ, పిలుపు రెండూ ఉంటే ఎవరూ తప్పు పట్టరు. ఆటలమ్మ అంతకుముందు రాని గర్భిణులకు అది నిజంగా ప్రమాదం, ఇది మొహమాటపడే విషయం కాదు. వచ్చి తీరతామనే వాళ్లకు పావుగంట, వరండాలో, మాస్కుతో.

బారసాలకు వచ్చే పాతికమందీ బిడ్డను ఎత్తుకుని బుగ్గ మీద ముద్దు పెడతారు. వాళ్లలో ఎవరికి దగ్గుందో ఎవరికి తెలుసు? పెద్దవాళ్లకు మామూలు దగ్గులా ఉండే కోరింత దగ్గు నెలల బిడ్డకు ప్రాణం మీదికి తేవచ్చు. బాలింతరాలు చెబితే పొగరంటారు కాబట్టి ఈ మాట అమ్మమ్మతోనో నాయనమ్మతోనో చెప్పించండి: "చేతులు కడుక్కుని ఎత్తుకోండి, ముద్దు పాదాలకు పెట్టండి." దగ్గున్నవాళ్లు దూరం నుంచే అక్షింతలు వేస్తే సరిపోతుంది.

ఎనిమిదో అడుగు: ఆసుపత్రికి ఎప్పుడు, ఎలా

ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలిరంగుకు మారడం, మనిషి మగతగా ఉండటం, ఫిట్స్, చుక్క నీళ్లు కూడా ఇమడకపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, డెంగీ రోజుల్లో తీవ్రమైన కడుపునొప్పి లేదా చిగుళ్ల నుంచి రక్తం కనబడితే ఆలస్యం చేయకండి. మూడు నెలల లోపు బిడ్డకు ఏ జ్వరమైనా అదే రోజు చూపించాలి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించండి. విరేచనాలకు ఓఆర్ఎస్ మొదటి గంట నుంచే పట్టండి, ఆసుపత్రికి బయలుదేరేదాకా ఆగకండి.

ఓపీ హాలు కూడా మీ కాగితంలో రాయాల్సిన చోటే. మూసిన గది, గంటలసేపు ఎదురుచూపు, దగ్గే మనుషులు, మూడో అడుగులోని నాలుగు ప్రశ్నలకూ అక్కడ "అవును" అనే వస్తుంది. రోగితో ఒక్కరే వెళ్లండి, ఆటో నిండా కాదు. ఇద్దరూ మాస్కు పెట్టుకోండి. టోకెన్ తీసుకుని బయట చెట్టు కిందో, వసారాలోనో కూర్చోండి. తట్టు, ఆటలమ్మ అని అనుమానం ఉంటే ముందే ఫోన్ చేసి చెప్పండి, వేరే దారిన లోపలికి పిలుస్తారు. చూడటానికి వెళ్తున్నామని పసిపిల్లల్ని వెంటబెట్టుకెళ్లకండి.